గుమ్మి కింది మూడు వరసలు

నాకు ఓడిపోవడం చేతకాదు. గొప్పకు చెప్పడం లేదు, డాక్టరుకు జబ్బు చెప్పుకున్నట్టు చెబుతున్నాను. క్యారమ్స్‌లో మా ఆవిడ చేతిలో ఓడిపోతే బోర్డు మీద పౌడరు సరిగ్గా పడలేదని వాదించేవాణ్ణి. ఒకసారి కాలనీ ముగ్గుల పోటీలో మా ఇంటికి రెండో బహుమతి వస్తే, జడ్జీగా వచ్చినావిడతో ఏడాదిపాటు మాట్లాడలేదు. ఆ ముగ్గు వేసింది నేను కూడా కాదు.

ఇలాంటివాణ్ణి మేడ్చల్ రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీలో డ్రాయింగు మాస్టారుగా పెట్టుకున్నారు. మేం కోస్తా నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి, పేట్ బషీరాబాద్‌లో కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కట్టుకున్న జనం. అప్పుడు రెండువేల సంవత్సరం దాటిన కొత్త. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. ఆ రోడ్డు పొడవునా ద్రాక్షతోటలు ఎండిపోతుండేవి, ఎండిన చోటల్లా ఒక కాలేజీయో, ఫంక్షన్ హాలో, ప్లాట్ల వెంచరో మొలిచేది. తోటల్లో పని పోయిన ఆడవాళ్ళు మా గేటు దగ్గరకు వచ్చి ఏమైనా పని ఉందా అని అడిగి వెళ్ళిపోతుండేవారు. రోజూ స్కూటరు మీద పోతూ వాళ్ళను చూసేవాణ్ణి. చూసేవాణ్ణి, అంతే.

ఆ చలికాలంలో ఒక సేవాసంఘం వాళ్ళు కాలేజీలకు ఒక పోటీ పెట్టారు. ఆకలి మీద పోరాటమన్నారు. ఒక్కో కాలేజీ సీలు వేసిన ఆహారపు డబ్బాలు పోగుచేసి, వాటిని పేర్చి ఏదైనా ఒక కట్టడం కట్టాలి. జిగురు పెట్టకూడదు. మేకు కొట్టకూడదు. డబ్బా తెరవకూడదు. పైన రంగుకాగితం చుట్టుకోవచ్చు. శామీర్‌పేట చెరువు దగ్గర ఒక ఫంక్షన్ హాలు లాన్‌లో ప్రదర్శన. జనం చూశాక అన్నీ విప్పేసి, ఆ తిండి లేనివాళ్ళకు పంచుతారు. గెలిచిన కాలేజీకి మాత్రం ఒక హక్కు ఉంది. తమ డబ్బాలు ఏ ఊరికి, ఏ వాడకు పోవాలో వాళ్ళే చెప్పవచ్చు.

మంచి ఆలోచనే. కాకపోతే ఎక్కడో డబ్బాల్లో తిండి తినే దేశంలో చూసి తెచ్చుకున్నారు. నేను కాలనీలో డబ్బాలు ఇవ్వండని ఇల్లిల్లూ తిరిగితే, ఒకావిడ పాలపొడి డబ్బాలో కందిపప్పు పోసి ఇచ్చింది. ఇంకొకావిడ డాల్డా డబ్బా నిండా ఆవకాయ తెచ్చి, "ఇదీ డబ్బాయే కదండీ," అంది. సీలు ఉండాలమ్మా అంటే, లోపలికి వెళ్ళి మూతికి గుడ్డ చుట్టి తాడు బిగించుకుని వచ్చింది. చివరికి మా పిల్లలు చందాలు వేసుకుని సికింద్రాబాదు టోకు దుకాణంలో కొన్నారు. అనాసపండు ముక్కలు, పచ్చి బఠాణీలు, ఉడికించిన శనగలు, మామిడి గుజ్జు. నేను వాళ్ళకు పెట్టిన షరతు ఒక్కటే, డబ్బాలన్నీ ఒకే సైజు ఉండాలని. లోపల ఏముందో నేను అడగలేదు.

ఏం కట్టాలన్నది తేలలేదు. పిల్లలు చార్మినార్ అన్నారు. ప్రతివాడూ చార్మినారే కడతాడని కసురుకున్నాను. అప్పుడు డ్రాయింగు హాలు తుడుస్తున్న ఆయమ్మ చెయ్యి ఆపింది. ఆమె శామీర్‌పేట వైపు ఒక ఊరి నుంచి వచ్చేది. నలభై దాటిన మనిషి. తను పనిచేసే ద్రాక్షతోట ఎండిపోయాక మా కాలేజీలో ఊడ్చే పనికి కుదిరింది. ఎవరైనా అడిగితే తప్ప మాట్లాడేది కాదు, అలాంటిది ఆ రోజు అడక్కుండానే మాట్లాడింది.

"గుమ్మి కట్టున్రి సారూ," అంది.

గుమ్మి అంటే ఏమిటో నాకు తెలియదు. తడి చేత్తో నేల మీద గీసి చూపించింది. వెదురు బద్దలతో అల్లి, పేడతో అలికి, ధాన్యం పోసుకునే నిలువెత్తు బుట్ట. మా వైపు గాదె అంటాం. అడుగున సన్నగా, నడుమ నిండు చూలాలిలా, మూతి దగ్గర మళ్ళీ సన్నగా ఉంటుంది.

"కింద ఒక బొక్క ఉంటది. బట్ట కుక్కి మూస్తం. ఒడ్లు గావాల్నంటే బట్ట గుంజుడే. పైకెక్కే పనుండది."

"మీ ఇంట్లో ఉందా?" అన్నాను.

"ఉన్నది. ఉత్తదే. రెండేండ్ల సంది దాంట్ల కోళ్ళు పంటున్నయ్."

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, అప్పటికే నా బుర్రలో కొలతలు పరుగెడుతున్నాయి. ఆకలి మీద పోటీకి గాదెను మించిన కట్టడం ఏముంటుంది. బహుమతి మాదేనని అక్కడికక్కడే అనిపించింది.

పిల్లలు వెళ్ళాక ఆమె నా బల్ల దగ్గరకు వచ్చింది. "మనం గెలిస్తే డబ్బలు ఎవలకియ్యాల్నో మనమే జెప్పొచ్చట గద సారూ?"

"అవును."

"మా వాడ పేరు జెప్పున్రి. అరవై ఎనిమిది గడపలు. పన్లు లేవు. పొద్దుగాల తింటే మాపటికి లేదు."

"గెలిస్తే మీ వాడకే ఆయమ్మా," అన్నాను. మాట ఇవ్వడానికి నాకు అరక్షణం కూడా పట్టలేదు. మాటదేముంది, నాలుక తిరిగితే వస్తుంది.

ఆమెకు మాట అంటే అది కాదు. మర్నాడు రూళ్ళ కాగితం మీద ఎవరిచేతో రాయించిన అరవై ఎనిమిది ఇళ్ళ జాబితా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. వాడలో అందరికీ చెప్పేసిందట, మా సారు ఇప్పిస్తాడని.

"నేను అందరికి మాటిచ్చిన సారూ," అంది. "మీరు ఆగం జెయ్యొద్దు."

గుమ్మి కట్టడం నేను అనుకున్నంత సులువు కాలేదు. అడుగు సన్నం, కడుపు లావు. ఒక్కో వరసకు పదహారు డబ్బాలతో మొదలుపెట్టి పైకి పోయేకొద్దీ వెడల్పు చేస్తుంటే, నడుము దాకా వచ్చేసరికి మొత్తం ఒరిగి కూలేది. మూడుసార్లు కూలింది. అడుగున బరువు చాలడం లేదు. అదీ కాక లెక్క చూసుకుంటే నలభై ఎనిమిది డబ్బాలు తక్కువ పడ్డాయి. దుకాణంవాడు ఆ సైజు సరుకు వచ్చే వారం గానీ రాదన్నాడు. పోటీ ఎల్లుండి.

మా కాలేజీ పక్కనే ఒక ఫంక్షన్ హాలు ఉండేది. పెళ్ళిళ్ళలో పండ్ల ముక్కలు పెట్టాక వంటవాళ్ళు ఖాళీ డబ్బాలు వెనకవైపు పారేసేవాళ్ళు. వెళ్ళి చూశాను. సరిగ్గా అదే సైజు. కాలేజీలో కొత్త బ్లాకు కట్టడానికి పోసిన ఇసుక కుప్ప ఎలాగూ ఉంది. ఖాళీ డబ్బాలో ఇసుక కూరి, మూత మూసి టేపు వేసి, తలకిందులుగా పెడితే బఠాణీ డబ్బా కంటే బరువు. కింది మూడు వరసలు, నలభై ఎనిమిది డబ్బాలు. పైన అన్నిటికీ చుట్టినట్టే పేడరంగు కాగితం చుడితే దేవుడు కూడా పోల్చుకోలేడు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు.

పిల్లల్లో ఒకడు, సార్, డబ్బా తెరవకూడదని కదా నియమం అన్నాడు. "తెరిచింది మనం కాదు, పెళ్ళివాళ్ళు," అన్నాను. అందరూ నవ్వారు. చదువు చెప్పేవాడి చమత్కారానికి పిల్లలు నవ్వకేం చేస్తారు. నాకు నేను చెప్పుకున్నది వేరే. గెలిస్తేనే కదా ఆయమ్మ వాడకు డబ్బాలు పోయేది, ఇదంతా ఆమె కోసమే కదా అనుకున్నాను. దొంగకు దారి చూపించడానికి మనసును మించిన తోడుదొంగ లేదు.

ఖాళీ డబ్బాలను ఆయమ్మే చింతపండు పెట్టి తోమింది. ఇసుక కూడా పిల్లలతో కలిసి ఆమే నింపింది. చివరి డబ్బాలు నింపుతూ అడిగింది.

"గీ ఇసుకవి ఎన్కకు తీసేస్తరు గద సారూ? మా వాడోళ్ళకు పోవు గద?"

"విప్పేటప్పుడు నేనే దగ్గరుండి తీయిస్తాను. అవి వాపసు కాలేజీకే రావాలి. తెలిసిందా?"

"తెలిసింది సారూ."

పోటీ రోజు లాన్‌లో మూడు చార్మినార్లు, ఒక రాకెట్టు, ఒక ఏనుగు కొలువుదీరాయి. వాటి మధ్య మా గుమ్మి నిండుగా నిలబడింది. ఆయమ్మ పసుపురంగు చీర కట్టుకుని వచ్చి పిల్లల వెనకాల నిలబడింది. కింద చిన్న కన్నం వదిలి, దానికి గుడ్డ కుక్కి, లోపల బియ్యం సంచీ అమర్చాను. జడ్జీగా వచ్చిన పెద్దావిడను గుడ్డ లాగమన్నాను. ఆవిడ లాగితే ఇత్తడి పళ్ళెంలోకి జలజలా బియ్యం పడ్డాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నాకు మైకు ఇచ్చారు. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో గాదె చూసి పెరిగానని, ఈ ఆలోచన అక్కడ పుట్టిందని చెప్పాను. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆయమ్మ కూడా ఉంది.

మొదటి బహుమతి మాదే. ఏ వాడకు అని అడిగితే, జేబులోంచి రూళ్ళ కాగితం తీసి ఇచ్చాను. అక్కడివరకూ మాట నిలబెట్టుకున్నట్టే.

సంఘంవాళ్ళ పద్ధతి ప్రకారం డబ్బాలు విప్పేది మర్నాడు. కానీ ఆ ప్రాంతపు నాయకుడొకాయన ముఖ్య అతిథిగా వచ్చాడు. పెద్ద భూముల కుటుంబం, సగం పొలాలు ప్లాట్లు చేసి అమ్మేసి రాజకీయంలో దిగినవాడు. "రేపటిదాక ఎందుకు, ఆకలిగొన్నోళ్ళను ఆపుతమా, ఫోటోలోళ్ళు కూడ ఇక్కడనే ఉన్నరు," అని తన టెంపో తెప్పించాడు. వాలంటీర్లు చూస్తుండగానే గుమ్మిని మూతి నుంచి విప్పడం మొదలుపెట్టారు.

నా చేతిలో షీల్డు ఉంది. రెండడుగులు వేసి సంఘం పెద్దను, "సార్," అని పిలిచాను. "చెప్పండి మాస్టారూ," అన్నాడాయన నవ్వుతూ. ఆయన పక్కనే చార్మినార్ కట్టిన కాలేజీ మాస్టారు నిలబడి, మా గుమ్మి అడుగును తేరిపార చూస్తున్నాడు.

"ఏం లేదు. డబ్బాలు జాగ్రత్తగా దింపమని," అన్నాను.

ఆయమ్మ టెంపో దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. కింది మూడు వరసలూ మిగతా వాటితో పాటు టెంపోలోకి పోతున్నాయి. నేను చేత్తో సైగ చేశాను, నువ్వు చూసుకో అని. ఆమె తలూపి, చీర కొంగు నడుముకు దోపుకుని టెంపో ఎక్కింది. నన్ను భోజనాలకు పిలిచారు. వెళ్ళాను. ఆకలి మీద పోటీకి పెట్టిన ఆ భోజనంలో నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

సోమవారం ఆయమ్మ పనికి రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం స్కూటరు తీసుకుని ఆమె వాడకు బయల్దేరాను. ఆమెకు ఒంట్లో బాగాలేదేమో అని కాదు. ఇసుక సంగతి బయటపడిందేమో అని.

వేపచెట్టు కింద అరుగు మీద పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. పోటీ రోజు వాడవాళ్ళు కొందరు వచ్చి చూసిపోయారు గనక నన్ను పోల్చుకున్నారు. లేచి చోటిచ్చారు. డబ్బాలు కొడవళ్ళతో తెరిచామని, అనాసముక్కలు పిల్లలు ఎగబడి తిన్నారని చెప్పారు. నా భయం సగం తగ్గింది. అప్పుడు ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అంత మంచిగనే అయింది సారూ. మీ ఆయమ్మనే ఆగం జేసింది."

ఆయన చెప్పింది ఇది. ఇంటికి ఆరు డబ్బాల లెక్కన పంచాలన్నారు. ఆయమ్మ టెంపోలో నిలబడి తనే అందించింది. ఒక్కో డబ్బా చేత్తో ఎత్తి చూసి, కొన్నిటిని ఇవ్వకుండా వెనక పెట్టుకుంది. అవి రెండు గోనె బస్తాలయ్యాయి. చివరి ఎనిమిది ఇళ్ళకు ఒక్క డబ్బా రాలేదు. ఆ బస్తాలు మాత్రం తన ఇంటి ముందు దింపించుకుంది.

మనసులో లెక్క వేశాను. ఎనిమిది ఇళ్ళు, ఇంటికి ఆరు. నలభై ఎనిమిది. ఆమె దాచుకున్నది తిండి కాదు, నా ఇసుక. బరువు చూసి ఒక్కొక్కటీ ఏరి, ఏ ఇంటికీ పోకుండా ఆపింది. నువ్వు చూసుకో అని నేను సైగ చేశాను, ఆమె చూసుకుంది.

"అడిగితే ఏమంటదో ఎర్కనా సారూ," అన్నాడు పెద్దాయన. "అవి కాలేజియంట. సారు వాపస్ తెమ్మన్నడంట. పంచుతందుకు ఇచ్చినయి ఎవలన్న వాపస్ అడుగుతరా? మీరే జెప్పున్రి. మీరు తెమ్మన్నరా?"

అందరూ నా వైపు చూశారు. చంకలో పిల్లతో ఒకావిడ ముందుకు వచ్చి నిలబడింది. ఆ చివరి ఎనిమిది ఇళ్ళలో ఒకటి ఆమెదట. నాలుగిళ్ళ అవతల ఆయమ్మ తన గడపలో నిలబడి ఉంది. అక్కడిదాకా మాటలు వినిపిస్తాయి.

అవును, తెమ్మన్నాను. అంతే చెప్పాలి. ఇసుక సంగతి కూడా చెప్పనక్కర్లేదు. అబద్ధం ఆడనక్కర్లేదు. నిజంగానే తెమ్మన్నాను కదా. కానీ అవును అంటే, ఎందుకు అని అడుగుతారు. ఆ ఎందుకుకు జవాబు చెబితే షీల్డు ప్రిన్సిపాలు గదిలోంచి లేచిపోతుంది, నా పేరు రోడ్డున పడుతుంది.

"నాకు తెలియదు," అన్నాను. "కనుక్కుంటాను."

ఆయమ్మ గడపలోంచి లోపలికి వెళ్ళిపోయింది. నేను తేలు కుట్టిన దొంగలా స్కూటరు తీశాను. టీ తాగి పొమ్మని వెనక నుంచి పిలిచారు. వాళ్ళ మర్యాద వాళ్ళది.

గురువారం ఆమె పనికి వచ్చింది. ఒక గోనె సంచీలో డబ్బాలు, విడిగా చేతిలో ఇంకొకటి. సంచీని డ్రాయింగు హాలు మూలన పెట్టింది.

"ఇసుక ఎండిన బాయిల పోసిన సారూ. డబ్బలు కడిగిన. లెక్క జూసుకోన్రి."

నేను ఏమన్నానో తెలుసా. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదు. "ఒకటి తెరిచి చూపిస్తే అయిపోయేది కదా ఆయమ్మా, అనవసరంగా మాట పడ్డావు," అన్నాను. తప్పు ఆమెదైనట్టు.

"తెరిస్తే మీ ఇనాం పోతుండె," అంది. "నా నౌకరి పోతుండె." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

తర్వాత చేతిలో ఉన్న డబ్బా నా బల్ల మీద పెట్టింది. దాని నిండా మొక్కజొన్న పేలాలు. అప్పుడే వేయించినట్టున్నాయి, డబ్బా ఇంకా వెచ్చగా ఉంది.

"ఇదేమిటి?"

"మీ డబ్బ గద సారూ. ఉత్తగ వాపస్ ఇయ్యొద్దంటరు."

మా ఇంట్లోనూ ఉంది ఆ ఆచారం. పొరుగింటి గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వరు, కాస్త చక్కెరో, నాలుగు పచ్చిమిరపకాయలో వేసి ఇస్తారు. మా అమ్మ ఆ విషయంలో చాలా పట్టింపు మనిషి. కానీ ఆయమ్మ ఇంట్లో ఆ వారం ఏముందో, ఆ పేలాలు ఎవరి నోటి నుంచి తగ్గించి తెచ్చిందో నాకు తెలియదు. పంపకంలో వాళ్ళ ఇంటికి రావలసిన ఆరు డబ్బాలూ ఆమె ఆ చివరి ఇళ్ళవాళ్ళకు ఇచ్చేసిందని తర్వాత వాళ్ళ ఊరివాడైన మా కాలేజీ వాచ్‌మన్ చెప్పాడు. ఆరుతో ఎనిమిది ఇళ్ళ నోళ్ళు మూతపడతాయా.

డబ్బా ఇంటికి తెచ్చాను. మా ఆవిడ పేలాలు పళ్ళెంలో పోసుకుని తింటూ, ఎవరిచ్చారండీ అంది. కాలేజీలో ఒకావిడ అన్నాను. డబ్బా కడిగి గట్టు మీద పెట్టి, "ఉత్తగా ఇవ్వకండి, ఏదైనా పోసి ఇస్తాను, గుర్తుచెయ్యండి," అంది. నేను గుర్తుచెయ్యలేదు. రెండు నెలలకు ఆయమ్మ పని మానేసింది. కొడుక్కు ఫ్యాక్టరీలో పని దొరికితే అందరూ సూరారం వెళ్ళిపోయారట. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను, అది కూడా దాచను.

ఆరేడేళ్ళు గడిచాయి. ఆ డబ్బా గట్టు మీద నుంచి అల్మారాలోకి, అక్కడి నుంచి అటక మీదికి చేరింది. ఒక ఉగాదికి ముందు ఇల్లు దులుపుతూ మా ఆవిడ దాన్ని కిందికి తీసింది. అడుగున పేడరంగు కాగితం ముక్క ఇంకా అతుక్కుని ఉంది. ఇది ఇంకా ఇవ్వలేదా అంది. ఆ పూట ఎందుకో, మొదటిసారి, మొత్తం చెప్పేశాను. ఆవిడ దులిపే కర్ర పట్టుకుని చివరిదాకా విన్నది. తిట్టలేదు. డబ్బాను మళ్ళీ తోమి, తుడిచి, నిండా కందిపప్పు పోసింది.

"నాతో చెప్పి ఏం లాభం," అంది. "వెళ్ళి ఇచ్చి రండి."

పాత వాచ్‌మన్‌ను అడిగి చిరునామా పట్టుకున్నాను. ఆదివారం పొద్దున సూరారంలో కార్మికుల ఇళ్ళ వరసలో, ఆయమ్మ గుమ్మం ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది. పక్కన ఇంకొకావిడ చాటలో చెయ్యి పెట్టి సాయం చేస్తోంది. నేను హెల్మెట్ తీయకముందే ఆయమ్మ లేచి నిలబడింది.

"రాన్రి సారూ, కూసోన్రి," అని ప్లాస్టిక్ స్టూలు వేసింది. జుట్టు బాగా నెరిసింది. డబ్బా ఇచ్చాను. రెండు చేతుల్లో తిప్పి చూసి, కాగితం ముక్క మీద బొటనవేలితో రాసి, ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవలు గీ సారు?" అంది పక్కావిడ.

"మా కాలేజి సారు. గుమ్మి కట్టిన సారు."

"ఓ, నువ్వు దాసుకున్న డబ్బల సారా," అని పక్కావిడ నవ్వింది. అప్పుడు గుర్తుపట్టాను. ఆ రోజు చంకలో పిల్లతో ముందుకొచ్చి నిలబడినావిడ. వాళ్ళ కుటుంబమూ పని కోసం ఇక్కడికే వచ్చేసినట్టుంది.

ఆయమ్మ కూడా నవ్వింది. చాలాసార్లు నవ్వి అలవాటైన నవ్వు. "బతుకమ్మకు ఊరికి వోతే రెండేండ్లు నన్ను పక్కకు రానియ్యలే సారూ వీళ్ళు," అంది, ఆవిడ మోకాలి మీద తడుతూ. "నా బతుకమ్మ ఒక్కదాన్నే పెట్టుకుని ఆడిన."

నేను స్టూలు మీద నుంచి లేచాను. ఎందుకు లేచానో తెలియదు, కూర్చుని చెప్పడానికి సిగ్గనిపించింది.

"ఆమె దాచుకోలేదమ్మా," అన్నాను. "అందులో ఉన్నది ఇసుక. పోయించింది నేను. వాపసు తెమ్మన్నదీ నేనే."

ఆవిడ చెయ్యి చాటలో ఆగిపోయింది. ఆయమ్మ వైపు చూసింది. ఆయమ్మ తల వంచుకుని బియ్యంలో రాళ్ళు వెతుకుతోంది. తర్వాత పక్కావిడ నా వైపు చూసింది.

"మేము అడిగినం గద సారూ," అంది. "మీరొచ్చిన్నాడు. అందరం నిలబడి అడిగినం."

"అడిగారు."

"ఒక్క మాటనే ఉండె గద."

పిల్లలు తప్పుచేసి నిలబడ్డట్టు నిలబడ్డాను.

"పోనియ్యి చెల్లె," అంది ఆయమ్మ, చాట కింద పెట్టి. "సారుకు ఆ దినం ఏదో తొందర ఉండె."

డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళింది. పప్పు తన గిన్నెలో పోసుకున్న చప్పుడు, కుళాయి తిప్పిన చప్పుడు వినిపించాయి. పక్కావిడ చాట లాక్కుని నాకు వీపు తిప్పి కూర్చుంది. ఆయమ్మ డబ్బాను కొంగుతో తుడుస్తూ బయటికి వచ్చింది. అడుగున పిడికెడు చక్కెర.

"ఉత్తగ ఇయ్యొద్దు గద సారూ," అంది.

రెండు చేతులూ చాచి తీసుకున్నాను. ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గేటు దగ్గరే ఉంది. నా చేతిలో డబ్బా చూసి, "ఇవ్వలేదా?" అంది.

"ఇచ్చాను," అన్నాను. "ఆవిడ మళ్ళీ ఇచ్చింది."